కపెంటాకి కాపలా

మా కిట్వే బస్టాండులో నోరున్నవాడిదే రాజ్యం. ఆ లెక్కన పన్నెండేళ్ళు రాజ్యమేలినవాడు కటోంగో. మనిషి మూరెడు, గొంతు బారెడు. "చిమ్వేమ్వే, చిమ్వేమ్వే! ఇంకొక్కరే, ఒక్కరంటే ఒక్కరే!" అని వాడు బండి వెళ్ళే పేట పేరు కేక పెట్టాడంటే, పది సీట్లు ఖాళీగా ఉన్న బండికి కూడా జనం చెప్పులు తెగేలా పరిగెత్తేవాళ్ళు. తీరా ఎక్కి చూసి తిట్టేవాళ్ళు. తిట్టినవాళ్ళే మర్నాడు మళ్ళీ పరిగెత్తేవాళ్ళు.

ఇప్పుడు వాడు అరవడు. బండి పక్కన నిలబడి చేత్తో సైగ చేస్తాడు. గొంతుకేమైందిరా అని ఎవరైనా అడిగితే జలుబు చేసిందంటాడు. ఏడు నెలలుగా తగ్గని జలుబట! జలుబూ లేదు, గాడిదగుడ్డూ లేదు. అసలు సంగతి బస్టాండులో సగం మందికి తెలుసు. వాడి మొహం మీద ఎవరూ అనరు, అంతే.

కటోంగో తండ్రి గనిలో పనిచేసేవాడు. ఆ గని మూతపడ్డ ఏడాదే పదహారేళ్ళ కటోంగో బడి మానేశాడు. ఏవేవో కూలి పనులు చేసి చేసి, చివరికి బస్టాండులో కుదురుకున్నాడు. పెళ్ళయింది, చోలా అని ఒక కూతురు పుట్టింది. పొద్దున జనం, సాయంత్రం జనం. మధ్యలో పదింటి నించి నాలుగింటి దాకా బస్టాండుకి ఊపిరి ఉండదు. డ్రైవర్లు సీట్లలోనే కాళ్ళు చాపి గురక పెడతారు. ఆ వేళలో కటోంగో ఖాళీ బండి వెనక సీట్లో చేరి, మూల పగిలిన ఫోను తీసి తుపాకుల ఆట ఆడేవాడు. నలుగురు ఒక జట్టు. ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్లలోనే కలుసుకుని, చెవుల్లో ఒకరి మాట ఒకరు వింటూ అవతలి జట్టుని వేటాడాలి.

"బస్టాండులో అరిచింది చాలక ఫోనులో కూడా అరుపులేనా? ఇంటికొచ్చేసరికి నాకు దగ్గు తప్ప ఏం మిగల్చవు కదా!" అని పెళ్ళాం ఎత్తిపొడిచేది.

"నా అరుపుకి అక్కడ మర్యాద ఉందే. కెప్టెన్ అంటారు" అనేవాడు కటోంగో, మీసం లేని మూతి మీద చెయ్యి వేసుకుని.

ఆ మర్యాద ఊరికే రాలేదు. మొదట్లో వాడు చేరిన జట్టు వాళ్ళు వాణ్ణి "రాయి" అని పిలిచేవాళ్ళు. డ్యాములో నీళ్ళు అడుగంటి కరెంటు రోజుకి మూడు గంటలు కూడా ఉండని కాలం అది. కరెంటు పోతే కాసేపటికి టవరు కూడా పోతుంది. ఆట మధ్యలో కటోంగో బొమ్మ తుపాకి పట్టుకుని రాయిలా నిలబడిపోయేది. జట్టు వాళ్ళు వదిలేసి పోయేవాళ్ళు, ఎవడో వచ్చి కాల్చి పోయేవాడు. వెనక్కి రాగానే "ఏమయిందిరా? మళ్ళీ డేటా అయిపోయిందా? బిచ్చగాడివి నీకెందుకురా ఆట?" అని నలుగురూ వినేలా నవ్వేవాళ్ళు. డేటా అయిపోయిన మాట నిజమే. అదే వాడికి ఎక్కువ కాలింది.

అందుకే సొంత జట్టు కట్టినప్పుడు రెండు నియమాలు పెట్టాడు. ఒకటి, లైను పోయి నిలబడిపోయినవాణ్ణి వదిలి ఒక్క అడుగు కూడా కదలకూడదు. వచ్చేదాకా చుట్టూ కాపలా కాయాలి, ఓడిపోయినా సరే. రెండోది, తిరిగొచ్చినవాణ్ణి ఎక్కడికి పోయావని, ఎందుకు పోయావని అడగకూడదు. వాడంతట వాడు చెబితే వినాలి. "లేమి అందరికీ ఉంటుంది. దాన్ని నోటితో ఒప్పించడం దేనికి?" అనేవాడు. ఇంత మంచి మాట అన్నవాణ్ణి తప్పు పట్టడానికి ఎవరికైనా నోరు ఎలా వస్తుంది?

అందరివీ పాత ఫోన్లే కాబట్టి, మూటల్లో వచ్చే పాతబట్టల పేరే జట్టుకి పెట్టుకున్నారు, సలౌలా అని. ఎన్డోలా ఊరి నించి లొంబె చేరాడు. వెల్డింగు పని. కరెంటు లేకపోతే పని లేదు, కాబట్టి ఎప్పుడూ ఖాళీ, ఎప్పుడూ వాగుడు. చింగోలా నించి సంపా. రాత్రిళ్ళు ఒక గోడౌనుకి వాచ్‌మన్. మాట అంటే రత్నం రాలినట్టు, రోజుకి నాలుగు. వీళ్ళలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. గొంతులే తెలుసు.

నాలుగో మనిషి ఒకరోజు తనే వచ్చి తలుపు తట్టింది. ఆటలో పేరు కపెంటా. వేలెడంత ఎండుచేప పేరు పెట్టుకున్న ఆడపిల్ల ఎవరబ్బా అని లొంబె పగలబడి నవ్వాడు.

"నవ్వండి నవ్వండి. చిన్న చేపే కదా అని నమిలితే ముల్లు గొంతులో దిగుతుంది" అంది సన్నటి గొంతు.

ఇరవై రెండేళ్ళ పిల్ల, ఊరు లువాన్‌ష్యా. అంతకు మించి చెప్పలేదు, నియమం కాబట్టి వీళ్ళూ అడగలేదు. కాల్చడం ఆమెకి అంతంత మాత్రం. దెబ్బ తిని పడ్డవాళ్ళని లేపడంలో మాత్రం ఆమెని మించినవాళ్ళు లేరు. గుళ్ళ వాన కురుస్తున్నా పాక్కుంటూ వచ్చి పక్కన కూర్చుని, "ఒకటి, రెండు, మూడు... లేవండి యాయా, నిద్ర చాలు" అనేది. యాయా అంటే మావైపు పెద్దన్న, పెద్దక్క. లొంబె, సంపా కెప్టెన్ అంటే, ఈ పిల్ల ఒక్కతే కటోంగోని యాయా అనేది. తోబుట్టువులు లేని కటోంగో ఆ పిలుపుకి కరిగి నీరైపోయేవాడు.

నెలకో రెండు నెలలకో ఆమె మూడు నాలుగు రోజులు కనిపించేది కాదు. తిరిగొచ్చాక గొంతు ఇంకా సన్నబడి ఉండేది. చలికాలం అది మరీ ఎక్కువ. ఎవరూ అడగలేదు. పాపం డేటాకి ఇబ్బంది పడుతోందని కటోంగో ఒకటి రెండుసార్లు తన భోజనం డబ్బులతో ఆమె నంబరుకి డేటా వేశాడు. దాని గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు.

జట్టుని వాడు నడిపిన తీరు గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఆటలో కళ్ళ కంటే చెవులు ముఖ్యం. శత్రువు అడుగుల చప్పుడు ముందు వినపడుతుంది, మనిషి తర్వాత కనపడతాడు. ఎవరి మైకులోంచైనా కోడి కూసినా, పసిపిల్ల ఏడ్చినా, చప్పుడు వినపడక నలుగురూ చస్తారు. అందుకని కటోంగో "ఫలానావాణ్ణి మూసేయండి" అనగానే మిగతా ఇద్దరూ ఆ మనిషి మైకు తమ ఫోనులో మూసేయాలి. మూసి, బదులు చెప్పాలి.

"మూశారా?"

"మూశాం కెప్టెన్!"

ఎందుకు, ఏమిటి అని ఎదురు ప్రశ్న లేదు. మొదట్లో లొంబె రెండుసార్లు మాట వినకపోతే వారం రోజులు బయట కూర్చోబెట్టాడు. ఆ తర్వాత వాడు కూడా దారికొచ్చాడు. వెయ్యి చేతులు ఒక్క తలకి లోబడితే ఎలా ఉంటుందో అలా ఉండేది ఆ ముగ్గురూ వాడి మాట వినడం. కటోంగోకి దాని మీద ఎంత గర్వమో! చాటింపు వేసినట్టు బస్టాండంతా చెప్పుకునేవాడు.

జూన్‌లో మావైపు చలి ముదిరాక పోటీలు పెట్టారు. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే చివరి పోటీకి రాజధాని లుసాకాకి పిలుస్తారు, దారి ఖర్చులు వాళ్ళవే. నలుగురూ మొదటిసారి ఒకరినొకరు కళ్ళారా చూసుకోవచ్చు.

"లుసాకా వెళ్తే గెలుపూ వద్దు, ఏమీ వద్దు యాయా" అంది కపెంటా ముందు రోజు. "నలుగురం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని న్షిమా ముద్దలు తినాలి. నేను వండినదే. అమ్మకి చెప్పేశాను, మొక్కజొన్న పిండి మూట కట్టి ఉంచమని."

"నువ్వు వండితే, తిని పడ్డవాళ్ళని కూడా నువ్వే లేపాలి, ఒకటి రెండు మూడు అని" అన్నాడు లొంబె.

"మీకు మాత్రం మాడు అంటిన ముద్దే" అంది. ఆరోజు అందరూ నవ్వారు, సంపాతో సహా.

గురువారం రెండు గంటలకి మ్యాచ్. అవతల లుసాకా కుర్రాళ్ళు, కొత్త ఫోన్లు. ఇరవై అయిదు నిమిషాల ఆట, గంట కొట్టేసరికి ఏ జట్టులో ఎక్కువమంది నిలబడి ఉంటే వాళ్ళది గెలుపు. కటోంగో బండి కిటికీలు మూసుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, చలికి కోటు తల మీదికి లాక్కుని కూర్చున్నాడు. రెండంతస్తుల పాడుబడ్డ ఇంట్లో సలౌలా దాక్కుంది. పద్నాలుగో నిమిషంలో మెట్ల మలుపు దగ్గర కపెంటా బొమ్మ ఆగిపోయింది.

"కపెంటా, పైకి రా" అన్నాడు కటోంగో. బొమ్మ కదల్లేదు.

"కరెంటు పోయినట్టుంది కెప్టెన్" అన్నాడు లొంబె. "ఇప్పుడే పోవాలా దీని మొహం మండా!"

"ఏం ఫరవాలేదు. కాపలా! లొంబె ఎడమ, సంపా మెట్ల కింద, నేను ముందు. పిల్ల మీద గీత పడకూడదు."

ఆమె మైకులోంచి ఏదో మూత కిందపడ్డ చప్పుడు వచ్చింది. ఆ వెనకే ఏదో ఈడుస్తున్నట్టు, బుస్సుమని గాలి మైకుని కొడుతున్నట్టు ఒక రొద. సరిగ్గా అప్పుడే గోడవతల అడుగులు. ఎన్ని అడుగులో, ఎటు నించో తెలియనివ్వడం లేదు ఆ రొద.

"కపెంటాని మూసేయండి! మూశారా?"

"మూశాం కెప్టెన్!" ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. కటోంగో తనూ మూశాడు.

ఆ తర్వాత పదకొండు నిమిషాలు వాళ్ళు పోరాడిన పోరాటం గురించి ఇప్పటికీ ఆ ఆట ఆడేవాళ్ళు చెప్పుకుంటారు. సంపా రెండుసార్లు పడ్డాడు, లేపే కపెంటా లేదు కాబట్టి కటోంగోనే పాక్కుంటూ వెళ్ళి లేపాడు. లొంబె గుళ్ళయిపోయి ఉత్త కత్తితో తలుపు దగ్గర నిలబడ్డాడు. "బొమ్మకి కాపలా కాసే పిచ్చోళ్ళు!" అని అవతలి వాళ్ళు అక్షరాలు రాసి వెక్కిరించారు. గంట మోగింది. అవతల ఇద్దరే మిగిలారు. ఇవతల నలుగురికి నలుగురూ నిలబడే ఉన్నారు. తెర మీద నాలుగు బొమ్మలు పక్కపక్కన వచ్చాయి, మధ్యలో కపెంటా, ఒక్క గీత కూడా పడకుండా.

లొంబె ఏడ్చేశాడు. కటోంగో కేకకి ముందు సీటులో డ్రైవరు ఉలిక్కిపడి లేచి బూతులు తిట్టాడు. కపెంటా పేరు పక్కన ఆకుపచ్చ చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. "గెలిచాం పిల్లా! లుసాకా! పిండి మూట కట్టుకో!" అని, మూసిన ఆమె మైకు తెరిచి అరిచాడు కటోంగో. జవాబు రాలేదు. నాలుగైంది, జనం రావడం మొదలైంది. ఫోను జేబులో వేసుకుని "చిమ్వేమ్వే, చిమ్వేమ్వే!" అంటూ దిగిపోయాడు. ఆరోజు వాడు అరిచినంత బాగా ఎన్నడూ అరవలేదంటారు.

మర్నాడు చుక్క బూడిద రంగులో ఉంది. ఆ మర్నాడూ అంతే. ఐదో రోజున సంపా నోరు తెరిచాడు.

"కెప్టెన్, ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటే?"

"నియమం తెలుసుగా."

"తెలుసు. కానీ గెలిచాక కూడా రాకుండా ఉంటుందా?"

"వాళ్ళ పేటలో ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఉంటుంది. లేదా చేతిలో డబ్బు లేదు. ఫోన్ చేసి ఆ మాట దాని నోటితో చెప్పిస్తావా? సిగ్గుండాలి! నిన్నెవరైనా అలా అడిగారా ఈ జట్టులో?"

సంపా నోరు మూసుకున్నాడు. వాడికి మాట వినడం అలవాటు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చుక్క పచ్చబడింది. కటోంగో సీట్లోంచి ఎగిరి బండి కప్పుకి తల కొట్టుకున్నాడు. "వచ్చిందిరా! చూశారా, నేను చెప్పలా?"

చెవిలో వినిపించింది ఒక పెద్దావిడ గొంతు. "ఎవరు నాయనా? నాకీ మీటలు తెలియవు. పక్కింటి అమ్మాయి నొక్కి ఇచ్చింది. నేను కలూబా తల్లిని."

కలూబా ఎవరో ముగ్గురికీ ఒక్క క్షణం అర్థం కాలేదు.

"పోయిన శనివారం పూడ్చాం నాయనా" అంది ఆవిడ. "మీకు చెప్పేవాళ్ళు లేరని ఇన్ని రోజులూ నా మనసు పీకుతూనే ఉంది."

ఆదివారం ముగ్గురూ లువాన్‌ష్యాలో బస్సులు ఆగే చోట కలిశారు. మొహాలు తెలియవు. ఒక పొడుగాటి మనిషి "ఈ ఊళ్ళో బస్సులు కూడా వెల్డింగు లేక ఏడుస్తున్నాయి" అని గొణుక్కుంటుంటే, ఆ గొంతు పట్టుకుని కటోంగో వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. సంపా ఏమీ మాట్లాడకుండా నిలబడి ఉన్నాడు కాబట్టి వాడే సంపా అనుకున్నారు. ఎన్నిసార్లు ఊహించుకున్నారో ఆ కలయికని! ముగ్గురూ చేతులు కలుపుకుని, ఏం చెయ్యాలో తెలియక మట్టి రోడ్డు పట్టి నడిచారు.

వస్తూ వస్తూ దారిలోనే కటోంగోకి తట్టింది. లైను తెగితే మైకులోంచి గాలి కూడా రాదు. చప్పుడు వచ్చిందంటే లైను ఉన్నట్టే. నాలుగేళ్ళుగా ఆడుతున్న మనిషి, పసివాడికి కూడా తెలిసే ముక్క ఆ ఒక్క నిమిషంలో వాడి బుర్రకి ఎక్కలేదు. పచ్చ చుక్క సాయంత్రం దాకా వెలుగుతూనే ఉంది, దానికీ గెలిచాం పిల్లా అని కేకలు పెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

చావు జరిగిన ఇల్లు కాబట్టి వాకిట్లో మగవాళ్ళు ఇంకా మంట వేసుకుని కూర్చున్నారు. తల్లి, ఊరంతా బానా కలూబా, అంటే కలూబా అమ్మ, అని పిలిచే మనిషి, ఈ ముగ్గురినీ లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. చాప, దాని మీద దుప్పటి, గోడకి ఫోను ఛార్జరు. రక్తంలో జబ్బట, పుట్టినప్పటి నించీ. చలి కొడితే ఎముకలు పిండేసినట్టు నొప్పి. ఆ గురువారం నొప్పి ఛాతీలోకి పాకింది. తల్లి మార్కెట్లో కూరలమ్ముతోంది. ఐదింటికి వచ్చి చూసేసరికి ఫోను గుండెల మీద పెట్టుకుని ఉంది. ఇంకా వేడిగానే ఉందట.

ఆవిడ ముందే వండి ఉంచింది. చేతులు కడుక్కోమని నీళ్ళు పోసింది. ఒకే పళ్ళెం మధ్యలో పెట్టింది. "నలుగురూ ఒక పళ్ళెంలో తినాలని చెప్పేది. పిండి అదే, లుసాకాకి మూట కట్టించింది. తినండి నాయనా."

ఎవరి చెయ్యీ లేవలేదు.

"నీదేనా ఆ పెద్ద గొంతు? యాయా అనేది నిన్నేనా?" అంది కటోంగో వైపు చూస్తూ. "పక్కింటామె గోడవతల నించి విందట. యాయా, యాయా అని చాలాసేపు పిలిచిందట నా బిడ్డ. రోజూలాగే ఆటలో పిలుస్తోందిలే అనుకుని ఆమె లేచి రాలేదు. నేను ఆమెని ఏమీ అనను. నాకొకటే ధైర్యం నాయనా, పోయేటప్పుడు ఒంటరిగా లేదు. మీ ముగ్గురూ చెవిలోనే ఉన్నారు కదా. ఏం చెప్పింది? చివరికి ఏమంది నా తల్లి? దాని కోసమే మిమ్మల్ని రమ్మన్నాను."

కటోంగో మిగతా ఇద్దరి వైపు తిరిగాడు. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి, వాడి కళ్ళు బతిమాలుతున్నాయి. "ఒక్కరైనా... ఆరోజు మీలో ఒక్కరైనా నా మాట వినకుండా తెరిచి ఉంచారా? చెప్పండిరా. ఏమీ అనను."

లొంబె తల వంచుకున్నాడు. "నువ్వు మూసేయమన్నాక ఎలా తెరిచి ఉంచుతాం కెప్టెన్?"

"మూశాం కెప్టెన్" అన్నాడు సంపా. అలవాటుగా వచ్చేసింది ఆ మాట. అని, మోకాళ్ళ మధ్య మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తల్లి ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. ఆమెకి ఆట తెలియదు, మీటలు తెలియవు. మనుషుల మొహాలు తెలుసు.

"అది పిలుస్తూనే ఉంది కదా నాయనా" అంది మెల్లగా. "నువ్వు పలికావా?"

కిట్వే బస్టాండు ఈ చివర నించి ఆ చివరకి వినపడే గొంతు కటోంగోది. ఎంత పెగల్చుకున్నా అందులోంచి ఒక్క ముక్క రాలేదు. లేదని తల అడ్డంగా ఊపాడు.